సాక్ష్యం మొలకెత్తక ముందే

మొగలిగెడ్డ,
15-12-2018, శనివారం.

మొగలిగెడ్డ మండల తహశీల్దారు గారి సముఖమునకు,
మొగలిగెడ్డ డిగ్రీ కళాశాల మూడవ సంవత్సరం విద్యార్థిని, ఎజ్రా కుమార్తె తాడేల షీబా సమర్పించుకొను అర్జీ.

విషయం: కళాశాల మైదానానికి తమరు వేయించిన తాళమును తుపాను రాకముందే తీయించి, లోపల చిక్కుకున్న ధాన్యమును రైతులకు అప్పగించుట, అటుపిమ్మట, తీరికగా, నన్ను విచారించుట గురించి.

అయ్యా,

నా మీద మోపిన నేరం ఇది: "షీబా అను అన్యమత విద్యార్థిని మార్గశిర లక్ష్మివారం తెల్లవారుజామున మైదానంలో ప్రవేశించి, ధాన్యలక్ష్మి పాదములను ఉద్దేశపూర్వకముగా చీపురుతో ఊడ్చి, గోనెతో తుడిచి, కుంచమును పడద్రోసినది." ఫిర్యాదుదారు రైతు సంఘం అధ్యక్షులు శ్రీ నరసింగరావు గారు.

నా జవాబు: ఊడ్చాను. తుడిచాను. చీపురు తగిలి కుంచం పడిపోయింది. ఈ మూడింటికీ సాక్షులను పిలిపించే శ్రమ తమకు అక్కరలేదు, నేనే ఒప్పుకుంటున్నాను. ఆ వాక్యంలో నేను ఒప్పుకోనిది "ఉద్దేశపూర్వకముగా" అన్న ఒక్క మాట. ఆ ఒక్క మాట మీద తమరు మైదానానికి తాళం వేశారు. ఆ తాళం వెనుక నేను లేను, వడ్లున్నాయి. నేను బయట తిరుగుతున్నాను. వడ్లు లోపల మంచుకు నానుతున్నాయి. కాబట్టి ఈ క్రింది సంగతులు వరుసగా మనవి చేసుకుంటున్నాను.

1. ముందుగా ఆట గురించి. తమ నోటీసులో దీనిని "పళ్ళెములు విసురు అనుమతిలేని క్రీడ" అని వ్రాశారు. దీని పేరు డిస్క్ గోల్ఫ్. ఒక దిమ్మ మీద నిలబడి, గట్టి ప్లాస్టిక్ బిళ్ళను దూరాన ఉన్న గొలుసుల బుట్టలోకి విసరాలి. పడినచోటి నుండి మళ్ళీ విసరాలి. ఎవరు తక్కువ విసుర్లతో బుట్టలో వేస్తే వారిది గెలుపు. మన మైదానంలో ఇటువంటి బుట్టలు తొమ్మిది. సాలూరులో లారీ బాడీలు కట్టే మా మావయ్య ఆదాము పాత లారీ గొలుసులు కోసి, వెల్డింగ్ చేసి ఇచ్చినవి. ప్రిన్సిపాల్ గారి అనుమతి పత్రం కళాశాల గోడకే అంటించి ఉంది. ఊళ్ళో దీనిని సిబ్బిలాట అంటారు, గంజి వార్చే సిబ్బి లాగా బిళ్ళ ఉంటుందని. ఆ పేరు మీద మాకు అభ్యంతరం లేదు. అనుమతిలేనిది అన్న మాట మీద ఉంది.

2. ఇక దిమ్మ గురించి. వ్యాజ్యమంతా దాని మీదనే కదా. ప్రతి బుట్టకూ ఎదురుగా, విసిరేవారు నిలబడడానికి ఒక సిమెంటు దిమ్మ ఉంటుంది. దానినే టీ ప్యాడ్ అంటారు. ఇద్దరు మనుషులు పక్కపక్కన పడుకోగలిగినంత వెడల్పు, నాలుగు అడుగులు పరుగెత్తి విసరగలిగినంత పొడవు. వేసవిలో దానితో ఏ పేచీ లేదు. చలికాలంలో మాత్రం అది మనిషిని పడగొట్టడానికే పుట్టినట్టు ఉంటుంది. రాత్రి మంచు కురుస్తుంది, దాని మీద సరుగుడాకు రాలుతుంది, ఆ తడి ఆకు క్రింద పాచి పడుతుంది. పరుగున వచ్చి, నడుము తిప్పి, ఒక్క కాలి మీద బరువంతా వేసే క్షణంలో ఆ పాచి తగిలితే ఏమవుతుందో పోయిన పుష్యమాసంలో చూశాం. నా స్నేహితురాలు, మా జట్టులో అందరికంటే దూరం విసిరే దుర్గాభవాని, జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ రోజు నుండి మాకొక నియమం ఏర్పడింది. చలికాలంలో ఆట కంటే ముందు ఊడ్చడం. తెల్లవారకముందే వచ్చి కొబ్బరీనెల చీపురుతో ఊడ్చి, పొడి గోనెతో తుడిచి, దిమ్మ తెల్లగా తేలిన తరువాతే బిళ్ళ పట్టాలి. వంతుల ప్రకారం చేస్తాం. లక్ష్మివారం వంతు నాది. నేను ఊడ్చింది ఇందుకు. మా ఉద్దేశాల గురించి తమకు సందేహముంటే దుర్గాభవాని మణికట్టు ఎక్స్‌రే తెచ్చి చూపగలం.

3. ఆటస్థలంలోకి వడ్లెలా వచ్చాయని తమరు అడగలేదు. అడగవలసిన మొదటి ప్రశ్న అదే. అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గెడ్డ పొంగి ఊరి కళ్ళాల మీద మోకాలి లోతు ఇసుక మేట వేసింది. ఆ ఇసుక తీయించమని రైతులు తమ కార్యాలయానికే అర్జీ పెట్టుకున్నారు. అది ఏ స్థితిలో ఉందో తమకే తెలియాలి. కోతలయ్యాయి, నూర్పుళ్ళయ్యాయి, వడ్లు ఆరబోయడానికి చోటు లేదు. నవంబరు చివర్లో ఒక పొద్దున, మేము ఆట ముగించి బిళ్ళలు సర్దుకుంటుంటే, దుర్గాభవాని నాయనమ్మ అసిరమ్మ గారు చేట చంకన పెట్టుకుని వచ్చారు. దిమ్మ మీద అరచేయి వేసి తడిమి చూశారు. తడి లేదు.

"ఏటే, దీన్నెవులు తుడిసినారు?"

"మేమే మామ్మా. రోజూ తుడుస్తాం."

"మీ సిబ్బిలాట ఎన్ని గంటలకి అయిపోతాది?"

"ఎండెక్కేలోపల."

"మా వొడ్లు ఎండెక్కినాక గానీ పరవం. మరింకేటి తగువు?"

ఒప్పందం అంతే. కాగితం లేదు, సంతకం లేదు, మధ్యవర్తి లేడు. పొద్దున మా ఆట, పగలు వాళ్ళ వడ్లు. సాయంత్రం వడ్లను దిమ్మ చివరకు కుప్పగా తోసి టార్పాలిన్ బరకం కప్పేవారు. తెల్లవారుజామున మేము మిగతా దిమ్మను ఊడ్చి, తుడిచి, ఆడి వెళ్ళిపోయేవాళ్ళం. మా కాళ్ళకు ఆరిన దిమ్మ కావాలి, వాళ్ళ వడ్లకూ ఆరిన దిమ్మే కావాలి. మేము మా కోసం చేసుకున్న పని వాళ్ళకు ఉపకారమైంది. వాళ్ళూ ఊరికే పుచ్చుకోలేదు. సాయంత్రం వడ్లు కుప్ప చేశాక మిగతా దిమ్మ మీద ఒక్క గింజ లేకుండా, ఒక్క ఆకు లేకుండా వదిలేవారు. అయ్యా, రెండు పక్షాలూ సంతోషంగా ఉన్న ఏకైక ప్రభుత్వ స్థలం ఈ మండలంలో అదొక్కటే. దానిని వెతికి పట్టుకుని తమరు తాళం వేశారు.

4. లక్ష్మివారం సంగతి. మార్గశిర మాసంలో లక్ష్మివారాలు ఈ ఊరి రైతు ఇళ్ళలో ఎంత పట్టింపుగా జరుగుతాయో నాకు ఇప్పుడు తెలుసు. కొత్త వడ్లు కుంచంలో పోసి, పసుపు కుంకుమలు పెట్టి, వాకిటి నుండి గాదె దాకా వరిపిండితో అమ్మవారి పాదాలు వేస్తారట. ఈసారి అసిరమ్మ గారి పంట ఇంకా ఇంటికి చేరలేదు. లక్ష్మి దిమ్మ మీద ఉండగా ఇంట్లో పాదాలు వేస్తే ఏం లాభమని, బుధవారం రాత్రి ఆమె దిమ్మ మీదనే పాదాలు వేసి, కుప్ప ముందు కుంచం పెట్టి వెళ్ళారు. దుర్గాభవాని నాతో "రేపు నేను రాను" అని మాత్రం చెప్పింది. ఎందుకు రానన్నది చెప్పలేదు, నాకు తెలిసే ఉంటుందని ఆమె అనుకున్నది. నేను అడగలేదు, చలికి బద్ధకిస్తున్నదని నేను అనుకున్నాను. మూడేళ్ళుగా ఒకే బెంచీ మీద కూర్చుంటున్నాం. ప్రపంచంలోని సకల విషయాల మీద వక్తృత్వ పోటీలకు వెళ్ళి కప్పులు తెచ్చాం. ఆమె ఇంట్లో ఏ వారం ఏమి చేస్తారో నేనడగలేదు, మా ఇంట్లో కోతపండుగ ఏ ఆదివారమో ఆమె అడగలేదు. నేరమంటూ ఉంటే అది ఇద్దరిదీ.

పొగమంచులో టార్చి వేసుకుని వెళ్ళాను. రాత్రి మంచుకు పిండి నాని, దిమ్మ మీద తెల్లగా చెదిరి ఉంది. పాదాల ఆకారం లేదు. కొంగలు రెట్ట వేశాయనుకున్నాను. ఇక్కడ నవ్వదలచిన వారు నవ్వవచ్చు, అసిరమ్మ గారు మాత్రం నవ్వలేదు. కుప్ప నీడలో ఉన్న కుంచం నాకు కనబడక, చీపురు తగిలి అప్పటికే పడిపోయింది. నేను గోనెతో రుద్దుతుండగా ఆమె దీపం పట్టుకుని వచ్చారు.

"ఓలమ్మా! ఒసే, నీ సెయ్యిరిగిపోనూ! లచ్చివారం పూట సీపురేటే? లచ్చిమ్మ పాదాలేటే అవి! తుడిసీసినావా?"

"నాకు తెలియలేదు మామ్మా, కొంగ రెట్ట అనుకున్నాను."

"కొంగ రెట్టా! లచ్చిమ్మ పాదాలు నీకు కొంగ రెట్టలాగున్నాయేటే?"

"మంచుకు చెరిగిపోయాయి మామ్మా. చెరిగిపోయినవి పాదాలని ఎలా తెలుస్తుంది? ఆకారం లేని దానికి..."

"సాల్లే. నీ వాదనలు కాలేజీలో సెప్పుకో. ముందు ఆ గింజలేరు. ఒక్కటి కూడా ఒగ్గకు."

ఏరాను. కుంచం నుండి ఒలికిన ప్రతి గింజనూ మోకాళ్ళ మీద కూర్చుని ఏరాను. ఆమె కొంగు బిగించి వరిపిండి కలిపి మళ్ళీ పాదాలు వేయడం మొదలుపెట్టారు. చీకట్లో గీత వంకర పోతోంది.

"సూస్తావేటి? తుడిసిన సెయ్యే కదా, లైటు పట్టు."

పట్టాను. పాదాలు పూర్తయ్యేదాకా టార్చి పట్టుకుని వంగి నిలబడ్డాను. అయ్యాక ఆమె నా మొహంలోకి చూసి, "ఇయాల మా ఇంట్లో ప్రసాదం పైవోలకి పెట్టకూడదు. రేపు రా. పరమాన్నం సేస్తాను, తిని పో" అన్నారు. తగువు సూర్యుడు రాకముందే ముగిసింది. తీర్పు కూడా వెలువడింది, శిక్ష కూడా అమలైంది. ఏ వడ్ల యజమానికి అపచారం జరిగిందో ఆ యజమానురాలే నన్ను మన్నించి, తినడానికి పిలిచింది. ఆ కేకలు మాత్రం రోడ్డు దాకా వినిపించాయి. కేకలు విన్నవారు సంధిని వినలేదు. మధ్యాహ్నానికి నరసింగరావు గారి ఫిర్యాదు తమ బల్ల మీద ఉంది, సాయంత్రానికి గేటుకు తాళం పడింది.

5. నరసింగరావు గారి వడ్ల గింజ ఒక్కటి కూడా ఆ దిమ్మల మీద లేదు. ఆయనకు సొంత కళ్ళముంది, దాని మీద ఇసుక తీయించుకునే ట్రాక్టరూ ఉంది. ఆయన మనసులో ఏముందో నేను ఊహించను. అది వాదనకు పనికిరాదు. నేను అడిగేది ఒక్కటే. నష్టపడనివాడు నష్టపడినవారి తరఫున ఫిర్యాదు చేసినప్పుడు, నష్టపడినవారిని పిలిచి ఒక్క మాట అడిగారా? ఫిర్యాదు మీద వేలిముద్ర వేయమని ఆయన అసిరమ్మ గారి ఇంటికి వెళితే ఆమె వాకిట్లో నిలబెట్టి చెప్పిన మాట ఊరందరికీ తెలుసు: "నాకూ దానికీ తగువు అయిపోనాది బాబూ. నీకేటి మిగిలినాది?" ఆ ప్రశ్నకు ఆయనకు బదులుగా తమరు తాళంతో జవాబు చెప్పారు.

రెండవ పక్షం మాట వినకుండా ఎవరినీ శిక్షించరాదని మేము మొదటి సంవత్సరంలోనే చదువుకున్నాం. తమరు నన్ను వినలేదు, సరే. అసిరమ్మ గారిని వినలేదు. వడ్లను అసలే వినలేదు. వాటికి నోరు లేదు కనుక వాటి తరఫున నేను మాట్లాడుతున్నాను.

6. నిన్న, శుక్రవారం, అసిరమ్మ గారూ దుర్గాభవానీ నేనూ కలిసి తమ కచేరీకి వచ్చాం. పరమాన్నం తినవలసిన వేళకు తమ వరండాలో నిలబడ్డాం. తమరు క్యాంపులో ఉన్నారన్నారు. గుమాస్తా గిరిబాబు గారు ఫైలు తెరిచి చూసి చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టుగా క్రింద పొందుపరుస్తున్నాను.

"సూడండమ్మా, ఎంక్వయిరీ అయ్యేవరకూ లోపలున్నదేదీ కదపకూడదు. ఆర్డరు అలాగున్నాది. వొడ్లు కూడా సాక్ష్యమే."

"సాచ్చమేటి బాబూ, అవి నా వొడ్లు."

"మీవే మామ్మా, కాదనలేదు. కానీ ఇప్పుడు సాక్ష్యం."

"మరి సాచ్చం తడిసిపోతే?"

"దానికి వేరే అర్జీ పెట్టుకోవాల. సోమవారం గ్రీవెన్సుకి రండి."

అప్పుడు అసిరమ్మ గారు నా వైపు తిరిగి, "ఏటే, కాలేజీలో ఇదే నేర్పుతారా మీకు?" అన్నారు. వాదనలో నేను ఓడిపోవడం అరుదు. ఆ ప్రశ్నకు జవాబుగానే రాత్రి ఈ అర్జీ వ్రాయడానికి కూర్చున్నాను.

అయ్యా, కోసిన వరికి తడి తగిలితే ఏమవుతుందో తమకు తెలియదనుకోను. బరకం క్రింద ఆవిరి పడుతుంది, కుప్ప వేడెక్కుతుంది, గింజ నల్లబడుతుంది. ఆ తరువాత మొలక వస్తుంది. మొలకొచ్చిన వడ్లను కొనుగోలు కేంద్రంలో ఎవరూ ముట్టరు, మిల్లులో ఎవరూ పట్టరు. సాక్ష్యాన్ని భద్రపరచడమే తమ ఉద్దేశమైతే, దానిని నీళ్ళలో నానబెట్టడం ఆ ఉద్దేశానికి అనుకూలమా? తమరు విచారణకు వచ్చేసరికి తమ సాక్ష్యం మొలకెత్తి, దుబ్బు కట్టి, నాట్లకు సిద్ధంగా ఉంటుంది.

7. తాళం గురించి మరొక చిన్న సంగతి. మైదానానికి గేటున్నది, తాళమున్నది, తాళానికి లక్క ముద్రా ఉన్నది. గోడ మాత్రం లేదు. తిత్లీకి ఉత్తరపు గోడ బండి పట్టేంత మేర కూలిపోయింది. అంటే తమ ఆజ్ఞను మొగలిగెడ్డలో మనుషులు మాత్రమే పాటిస్తున్నారు. పశువులకు నోటీసు అందలేదు. నిన్న సాయంత్రం ఒక ఆవు ఆ కంతలో నుండి దర్జాగా లోపలికి నడిచి, అసిరమ్మ గారి బరకం కొమ్ముతో ఎత్తి, సాక్ష్యాన్ని తినడం మొదలుపెట్టింది. గేటు దగ్గర కాపలాకు తమరు పెట్టిన గ్రామసేవకుడు కూర్మయ్య అది చూస్తూ నిలబడ్డాడు. అతని వడ్లు కూడా లోపల రెండో దిమ్మ మీద ఉన్నాయి.

"మావా, తోలవేటి?" అని దుర్గాభవాని అరిచింది.

"లోపలికెలితే నాను కూడా ముద్దాయినే కదమ్మా. తాళంచెవి నా కాడుంది గానీ అదికారం నా కాడ లేదు."

"మరి నీ వొడ్ల కాడికొచ్చినప్పుడు?"

మా దగ్గర జప్తు చేసిన బిళ్ళలు కూర్మయ్య కుర్చీ పక్కన సంచిలో ఉన్నాయి. ఒకటి తీసి, గేటు పైనుండి బలంగా విసిరాడు. అది గాలిలో వంకర తిరిగి, అదృష్టవశాత్తూ ఆవు వీపు మీద పడింది. ఆవు బయటకు పరుగెత్తింది.

"ఏటు సూసినావా అమ్మా!"

"చూశాను మావా. మోచెయ్యి ఇంకా లోపలికుండాలి" అన్నాను నేను.

ఇది హాస్యానికి వ్రాయడం లేదు. తమ ఆజ్ఞ కూర్మయ్యను ఎక్కడ నిలబెట్టిందో చూపించడానికి వ్రాస్తున్నాను. తన గింజలను ఆవు తింటుంటే గేటుకు ఇవతల నిలబడి చూడవలసిన ఉద్యోగం అతనిది. పక్కనే గోడకు కంత ఉండగా అందరం గేటు దగ్గర నిలబడ్డాం. ప్రభుత్వం మీద ఇంత గౌరవం ఉన్న ప్రజలను తమరు మరే మండలంలోనూ చూసి ఉండరు. ఆ గౌరవానికి ఒక గడువు ఉంటుందని మనవి.

8. ఈ క్రింది విషయం వ్రాయాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను. వ్రాయకపోతే ఈ అర్జీ అబద్ధమవుతుంది.

ఫిర్యాదులో మొదటి విశేషణం "అన్యమత". చీపురు కంటే ముందు, గోనె కంటే ముందు ఆ మాట ఉంది. అదే దిమ్మను మంగళవారం దుర్గాభవాని ఊడుస్తుంది. మొన్న మంగళవారం ఆమె చీపురు కూడా కుప్ప అంచుకు తగిలి చేటెడు గింజలు చెదిరాయి. దానికి ఎవరూ కాగితం వ్రాయలేదు, వ్రాయకూడదు కూడా. ఆరబోసిన వడ్లను తిరగవేసేది ఏమిటో తమకు తెలుసా? కాళ్ళు. అసిరమ్మ గారూ, దుర్గాభవానీ, వారి వెనుక కూలికి వచ్చిన మా పేట ఆడవాళ్ళూ వరుసగా వడ్ల మీద నడుస్తూ, కాళ్ళతో చాళ్ళు తీస్తారు. అలా తీస్తేనే అడుగు గింజ ఆరుతుంది. తమరు ఈ మధ్యాహ్నం తినబోయే అన్నం కూడా ఎవరో ఒక ఆడమనిషి కాళ్ళ క్రింద తిరిగి వచ్చినదే. ఆ కాళ్ళు ఏ గుడికి వెళతాయో ఇన్నేళ్ళుగా ఏ అధికారీ విచారించలేదు. కూలికి తొక్కినప్పుడు మా కాళ్ళకు మతం లేదు. ఆటకు ఊడ్చినప్పుడు మా చేతులకు మతం వచ్చిందా?

మా నాన్న ఎజ్రా కౌలు రైతు. కొత్త వడ్లు రాగానే మా ఇంట్లో ఎవరూ ముందుగా తినరు. తొలి చేటెడు కోతపండుగనాడు మా చర్చిలో బల్ల మీద పెట్టి మోకరిస్తాం. గింజకు దండం పెట్టడం నాకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ పాదాలు నాకు కనబడి ఉంటే చుట్టూ తిరిగి ఊడ్చేదాన్ని. కనబడలేదు. దానికి నేను అసిరమ్మ గారికి జవాబుదారిని, ఆమె ముందు మోకాళ్ళ మీద గింజలేరి ఆ జవాబు చెప్పుకున్నాను. నరసింగరావు గారికి నేను బాకీ లేను. తమకు కూడా లేను.

9. తుపాను. రేడియోలోనూ టీవీలోనూ నిన్నటి నుండి చెబుతున్నారు. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడుతున్నది; సోమవారం తీరం దాటవచ్చునట; రేపటి నుండే మనకు వానలట. ధాన్యం జాగ్రత్త చేసుకోమని తమ కార్యాలయమే ఊరూరా దండోరా వేయించింది. మా వీధిలో దండోరా వేసినవాడు ఎవరనుకున్నారు? కూర్మయ్యే. "ఆరబెట్టిన వొడ్లు బేగి ఎత్తీసుకోండహో" అని డప్పు కొట్టి, తిరిగి వెళ్ళి గేటు ముందు కూర్చున్నాడు, ఆ వడ్లు ఎవరూ ఎత్తకుండా కాపలా కాయడానికి.

తుపాను సోమవారం వస్తుంది. తమ గ్రీవెన్సు కూడా సోమవారమే. ఇద్దరిలో ఎవరు ముందు వస్తారో నేను చెప్పలేను. వాయుగుండానికి క్యాంపులు ఉండవని మాత్రం చెప్పగలను.

కావున తమ సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా:

ఈ సాయంత్రం నాలుగు గంటలలోగా తాళం తీయించండి. లోపలి వడ్లు ఎవరివి వారికి అప్పగించండి. నా మీద విచారణ జరపండి, వడ్ల మీద జరపకండి. ఏ రోజు రమ్మంటే ఆ రోజు వస్తాను, ఏ ప్రశ్న అడిగితే దానికి నిలబడి జవాబు చెబుతాను. విచారణ తేలేవరకూ ఆట మానుకోమంటే, ఒళ్ళు మండుతున్నా, మానుకుంటాం. దిమ్మలు ఊడ్చడం మాత్రం మానం. మాకు ఆట లేకపోయినా ఆరిన దిమ్మతో అసిరమ్మ గారికి పని ఉంది.

నాలుగు గంటలకు తాళం తీయకపోతే, మేము ఆ తాళాన్ని ముట్టం. తమ లక్క ముద్ర చెక్కుచెదరదు. ఆవు వెళ్ళిన దారిన వెళ్ళి, వడ్లెత్తి, మా కళాశాల వరండాలో పోస్తాం. దీనిని రెండవ నేరంగా నమోదు చేసుకోవచ్చు. ఈసారి "ఉద్దేశపూర్వకముగా" అన్న మాట నిరభ్యంతరంగా వాడుకోండి, నేనే ఒప్పుకుంటాను.

ఇది తమరు చిత్తగించవలెను. చిత్తగించే తీరిక లేకపోతే తాళంచెవి ఒక్కటి పంపినా చాలును.

తాళం తీసిన క్షణం నుండి తమ విధేయురాలు,
తాడేల షీబా

మరొక మాట: తమరు ఈ రోజు కూడా క్యాంపులో ఉన్నారని గిరిబాబు గారు ఇప్పుడే చెప్పారు. అందుచేత ఈ అర్జీని వారి చేతికిచ్చేముందు, తమ కచేరీ వరండాలో నిలబడి గట్టిగా చదువుతున్నాను. అసిరమ్మ గారు నా పక్కనే ఉన్నారు. పరమాన్నం గిన్నె ఆమె చేతిలో ఉంది. నిన్నటి మాట ఈ రోజైనా చెల్లించాలని తెచ్చారట. ఇప్పుడు తినను మామ్మా, వడ్లెత్తాక తింటానని చెప్పాను. దానికి ఆమె అన్నది: "అయితే బేగి సదివీసి రాయే. మబ్బు ఆగుతాదేటి?"

కాబట్టి, వరండాలో ఉన్న పెద్దలారా, పట్టాల కోసం వచ్చినవారూ, పింఛన్ల కోసం వచ్చినవారూ, ఊరికే వచ్చి కూర్చున్నవారూ: మీరంతా ఇప్పటిదాకా విన్నారు. తూర్పున చూడండి, సముద్రం వైపు ఎలా కమ్మిందో. మీలో ఈ మండలం అన్నం తిన్నవారు ఎవరో చేతులెత్తనక్కరలేదు. నాలుగు గంటలకు తాళం తీయకపోతే ఆవు వెళ్ళిన దారే మన దారి.

ఇంటికొక బరకం తీసుకుని లేవండి.